ఒకటే నిలువు కార్డు

తెనాలిలో మేము వెళ్ళే సంగీత సభవాళ్ళు ఏటా చలికాలంలో ఎనిమిది రోజులు కచేరీలు పెడతారు. కుర్చీ కార్డులు సభ్యులకూ, విరాళాలిచ్చినవాళ్ళకూ పోగా మిగిలితే అమ్ముతారు. వాటి ధర చూస్తే నాబోటివాళ్ళకు పాట మీద ఆశ సగం చచ్చిపోతుంది. అందుకని హాలు వెనక గోడ వెంబడి నిలబడి వినేవాళ్ళకు వేరే కార్డులున్నాయి. అచ్చులో దాని పేరు ఏదైనా అందరం నిలువు కార్డు అనే అంటాం. ఎనిమిది రోజులకూ కలిపి ఒకటే కార్డు. గోడకు ఆనుకోవచ్చు. కింద కూర్చుంటే మాత్రం వాలంటీర్లు వచ్చి, దారికి అడ్డమమ్మా అని లేపేస్తారు.

నేను రేపల్లె దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. సీజను వచ్చిందంటే బడి అయిపోగానే తెనాలి రైలెక్కడం, మూడు గంటలు నిలబడటం, తిరిగి బస్సులో పడటం. ఇంట్లోవాళ్ళకు ఇదొక పిచ్చి. ఆ ఎనిమిది రోజులూ మావారు వంట చేస్తారు, ఆ సంగతి తొమ్మిదో రోజు నుంచి ఏడాది పొడుగునా చెబుతారు.

ఆ గోడ దగ్గరే నాలుగేళ్ళ కిందట ఆమె పరిచయమైంది. బాపట్లలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నది. మొదటి రోజు కచేరీ మధ్యలో నా భుజం తట్టి, "అక్కా, మీ వీపంతా సున్నమైంది, దులపనా?" అని అడిగింది. నేను ఆమె వీపు చూశాను. అక్కడా అంతే. ఒకరి వీపు ఒకరం దులుపుకున్నాం. మర్నాటికి నేను ఆమెకు చోటు పట్టి ఉంచాను. ఆ సీజను అయ్యేసరికి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. "అక్కా" మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. మాది కొల్లూరు పక్కన లంక భూములున్న కుటుంబం. అరటి బాగా పండిన రోజుల్లో మా నాన్న నాకు వయొలిన్ నేర్పించాలనుకున్నాడు. వారానికి రెండు రోజులు తెనాలి నుంచి మాస్టారు బస్సులో వచ్చేవారు. ఏడేళ్ళు నేర్చుకున్నాను. వర్ణాలు, ఓ పాతిక కృతులు తప్పుల్లేకుండా వాయించేదాన్ని. కానీ కాగితం మీద ఉన్నది వాయించడమే నాకు వచ్చింది. ఎవరైనా ఆలాపన మొదలుపెడితే అది ఏ రాగమో చెప్పమంటే తడుముకునేదాన్ని. డిగ్రీలో చేరాక మానేశాను. వయొలిన్‌ను పిన్ని కూతురు పట్టుకెళ్ళింది.

గోడ దగ్గరి ఆమెకైతే ఎవరూ నేర్పలేదు. అంటే, నేను లెక్కలోకి తీసుకునే పద్ధతిలో నేర్పలేదు. వాళ్ళ నాన్న పొలం పనికి వెళ్ళే మనిషి. సాయంత్రాలు ఊళ్ళో లూథరన్ చర్చిలో క్వయరుకు పాటలు నేర్పేవాడట.

"మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం పేరు, తాళం పేరు ఉంటాయక్కా," అని ఒకసారి చెప్పింది. "నాన్న అయ్యి చూసే పాడించేవాడు. సరిగ్గా పలక్కపోతే వీపు మీద ఒకటి పడేది. రాగం అంటే ఏంటో తెలియకముందే రాగం తప్పితే దెబ్బ పడుద్దని తెలిసింది నాకు."

మొదటి సీజనులోనే ఒక సాయంత్రం గాయకురాలు ఆలాపన ఎత్తుకుంది. నేను గొంతు తగ్గించి, తెలిసినదానిలా, "భైరవి," అన్నాను. పక్కన ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. "కాదక్కా, ముఖారి. భైరవైతే ఇట్టా దిగదు," అంది. దిగడమంటే ఎలా దిగడమో నాకు అర్థం కాలేదు. కాసేపటికి కృతి మొదలైంది. అది నాకు తెలిసిన కృతి. ముఖారే. పైగా ఆ కృతిని చిన్నప్పుడు నేను వాయించాను.

ఆ రోజు మొదలైంది నాలో కుళ్ళు. ఆ మాటకు ఇంకో మర్యాదైన పేరు ఉందేమోగానీ నాలో జరిగింది కుళ్ళడమే. ఆమె ప్రతిసారీ చెప్పేది, ప్రతిసారీ సరిగ్గా చెప్పేది. గొప్ప కోసం కాదు, నేను అడుగుతానని చెప్పేది. నేను అడగడం మానలేకపోయేదాన్ని. ఆమె చెప్పిన జవాబు ఒక్కసారైనా తప్పయితే బాగుండునని చూసేదాన్ని. ఒకనాడు బస్సులో వస్తూ, ఏడేళ్ళు నాకు రానిది వీళ్ళకెలా వచ్చింది అనుకున్నాను. "వీళ్ళకు" అనుకున్నానని తర్వాత తెలిసింది. పాఠం చెప్పేటప్పుడు పిల్లల ముందు అందరూ సమానమని బోర్డు మీద రాసే మనిషిని. బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పక్కన ఎవరూ లేకపోయినా మొహం వేడెక్కింది.

మూడో ఏడు ఇంటర్వల్‌లో టీ దగ్గర ఇంకొకటి జరిగింది. ఆమె అంతకుముందు విన్న రాగాన్ని నోట్లో సన్నగా పాడుకుంటోంది. మూడో వరసలో కూర్చునే పెద్దాయన ఒకాయన ఉంటారు. ఎక్కడో సంగీత కాలేజీలో పాట నేర్పి రిటైరయ్యారు. ఆయన టీ గ్లాసుతో అలాగే ఆగిపోయారు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?"

"ఎవరి దగ్గరా లేదండి. వింటమే."

"వినడమేనా!" అని ఆయన నా వైపు చూశారు. "మీరూ పాడతారా అమ్మా?"

"ఏడేళ్ళు వయొలిన్ నేర్చుకున్నానండి," అన్నాను.

"ఓహో," అని ఆయన మళ్ళీ ఆమె వైపు తిరిగి, ఏ ఊరు, ఏం చేస్తావు, ఆ గాంధారం మరోసారి అను, అంటూ అడగసాగారు. నేను నా టీ తాగాను, తర్వాత ఆమె టీ చల్లారిపోతోందని దాన్ని కూడా పట్టుకుని నిలబడ్డాను. ఆ "ఓహో" ఏడాది పాటు నన్ను పొడిచింది.

నాలుగో ఏడు హాల్లో ముందు రెండు వరసలు సోఫాలు వేశారు. కుర్చీలు వెనక్కి జరిగాయి, గోడ దగ్గర చోటు తగ్గింది, నిలువు కార్డులు సగానికి సగం తగ్గించారు. కార్డులు ఒక ఆదివారం ఉదయం తొమ్మిదింటికి హాలు పక్క కిటికీలో ఇస్తారని తెలిసింది. ఆమె నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ రోజు మా ల్యాబువాళ్ళు ఊళ్ళో క్యాంపు పెట్టారు. నేను కదలటానికి లేదు. మనిషికి రెండిస్తారంటగా, నాక్కూడా ఒకటి తీసుకో."

"అలాగే," అన్నాను. నిజంగా తీసుకుందామనే అన్నాను.

మొదటి రైలుకు వెళ్ళాను. అప్పటికే పదిహేనుమంది ఉన్నారు. నా వెనకే పేరాల నుంచి వచ్చే బాబాయి నిలబడ్డాడు. మగ్గం నేసే మనిషి, మా ఇద్దరినీ మొదటి ఏడు నుంచీ ఎరుగును. కచేరీకి వచ్చేటప్పుడు క్యారేజీలో పులిహోర తెచ్చి గోడ దగ్గరున్నవాళ్ళందరికీ పెడతాడు.

"మీ చెల్లెలు రాలేదే టీచరమ్మా?"

"డ్యూటీ ఉంది బాబాయ్."

"ఆ పిల్ల పక్కనుంటే నాకు ధైర్యం. ఏ రాగమో అడిగితే వెంటనే చెప్పుద్ది," అన్నాడు. తర్వాత వరసలో ఇద్దరు ముగ్గురు ఆమె గురించే మాట్లాడుకున్నారు. పెద్దాయన ఆమెను మెచ్చుకున్న సంగతి అందరికీ తెలిసిపోయింది. నాలుగేళ్ళుగా నేనూ అదే గోడకు ఆనుకుని నిలబడుతున్నాను. నేను రాకపోతే, టీచరమ్మ ఏదీ అని ఎవరైనా అడుగుతారా అనుకుంటూ కిటికీ దగ్గరికి చేరాను.

"ఒకటా, రెండా అమ్మా?" అన్నాడు లోపలి మనిషి.

"ఒకటి," అన్నాను.

అనుకుని అన్నది కాదు. కానీ అన్నాక సరిదిద్దుకోవడానికి బోలెడంత సమయం ఉంది. అతను కార్డు మీద నంబరు వేశాడు, ముద్ర వేశాడు, చిల్లర వెతికాడు. అంతసేపూ నేను నోరు మెదపలేదు. నా తర్వాత బాబాయి రెండు తీసుకున్నాడు, ఒకటి తనకు, ఒకటి వాళ్ళ తమ్ముడికి. అతని వెనక ఇంకా నలుగురు తీసుకోవడం చూశాను.

స్టేషన్‌కు వచ్చి ఫోన్ చేశాను. "నా దగ్గరికొచ్చేసరికి ఒకటే మిగిలింది. ఏం చేయను మరి?" అన్నాను.

"అయ్యో... పోనీలే అక్కా. నీకన్నా దొరికింది. నువ్వు వినొచ్చి నాకు చెప్పు," అంది.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

సీజను శనివారం మొదలైంది. గోడ దగ్గర మేమిద్దరం ఎప్పుడూ ఆనుకునే స్తంభం పక్కన చోటు నా ఒక్కదానికే వచ్చింది. చేరబడటానికి హాయిగా ఉంది. గాయకుడు ఆలాపన అందుకున్నాడు. ఏ రాగమో తెలియలేదు. అలవాటుగా పక్కకు తిరిగాను. అక్కడ ఎవరో కుర్రజంట ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటున్నారు. గంటన్నర పాటు పేరు తెలియని రాగాన్ని విన్నాను. బాగుంది. కానీ ఆమె ఉంటే దీన్ని ఎలా వినేదో, అందులో నాకు వినపడనిది ఏం వినపడేదో అనే ఆలోచన వదల్లేదు. మనిషి లేకపోయినా ఆమె చెవుల మీద నాకున్న అసూయ అక్కడే ఉంది.

మర్నాడు ఆదివారం. కచేరీ నాలుగింటికే. నేను గోడ దగ్గర చేరి, ముందు వరసలకేసి చూసి, చూపు అక్కడే ఆపేశాను. మూడో వరసలో, పెద్దాయన పక్కన, కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. ఆకుపచ్చ నేత చీర, తలలో కనకాంబరాలు. ఆయన వంగి ఏదో చెబుతుంటే తల ఊపుతోంది.

గంటా ఇరవై నిమిషాలు నేను పాట వినలేదు. ఆమె తల వెనకభాగం చూస్తూ నిలబడ్డాను. ఎక్కడ తల ఊపుతోందో, ఎక్కడ చెయ్యి లేస్తోందో చూశాను. ఒకచోట ఆమె, పెద్దాయన ఒక్కసారే "ఆహా" అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా పాత మోకాలి నొప్పి సలుపుతోంది. నేను కార్డు లేకుండా చేసిన మనిషి కుర్చీలో కూర్చుంది, కార్డున్న నేను నిలబడ్డాను. ఆమె మీద జాలి పడాల్సిన చోట కూడా అసూయ పడేలా చేసిందే అని ఆమె మీదే కోపం వచ్చింది.

ఇంటర్వల్ కాగానే ఆమె రెండు టీలతో జనంలోంచి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది.

"అక్కా! నీకు చెప్పకుండా వచ్చానని ఏమీ అనుకోమాక. పక్క తలుపు దగ్గర నిలబడినా మైకు వినపడుద్దిగా అని వచ్చా. నీకు చెబితే బాధ పడతావని చెప్పలా. పెద్దాయన చూసి, వాళ్ళావిడకి ఒంట్లో బాగోలేదంట, ఆ కార్డు మీద లోపలికి తీసుకొచ్చారు." ఊపిరి తీసుకుని, "నీ మోకాలు నొప్పిగా ఉందిగా. మిగతా సగం నువ్వెళ్ళి కూర్చో. నేనిక్కడుంటా," అంది.

వద్దనాలి. వద్దనలేదు. టీ ఆమె చేతికే తిరిగి ఇచ్చేసి వెళ్ళి కూర్చున్నాను. ఆ కుర్చీ మీద అంత ఆశ ఉంది నాకు.

పెద్దాయన నన్ను చూసి, "ఆ అమ్మాయేదమ్మా?" అన్నారు.

"వెనకుందండి. నాకు మోకాలు నొప్పని..."

"ఓహో," అన్నారు.

మెత్తటి కుర్చీ. వేదిక ఎంత దగ్గరంటే వయొలిన్ వాయించే ఆవిడ కమాను నుంచి రాలిన పొడి కూడా కనిపిస్తోంది. రాగం మొదలైంది. పెద్దాయన మంచి మనిషి, మాట కలపడానికే కాబోలు, "ఏమంటారమ్మా?" అని అడిగారు. తెలియదండీ అన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు. వెనక్కి తిరిగి చూశాను. స్తంభం దగ్గర ఆమె నిలబడి ఉంది. పక్కన పేరాల బాబాయి ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆమె నా వైపు చూసింది, తర్వాత నేల వైపు చూసింది. అతను ఏం చెప్పాడో నాకు అక్కడే తెలిసిపోయింది.

కచేరీ అయ్యాక ఇద్దరం స్టేషన్ వైపు నడిచాం. చీకటి పడింది, కొట్లలో లైట్లు వెలుగుతున్నాయి. వంతెన దగ్గర ఆమె నా వైపు తిరిగింది.

"కార్డులు ఉన్నాయంటగా అక్కా ఆ రోజు," అంది.

"ఉన్నాయి."

"మరి?"

అబద్ధం ఇంకోటి నోటిదాకా వచ్చింది. మింగాను. "కావాలనే తీసుకోలేదు. నీకు అన్నీ తెలుస్తాయి. నాకు ఏమీ తెలియదు. ఒక్క ఏడాదన్నా నువ్వు లేకుండా వినాలనిపించింది," అన్నాను.

ఆమె ఆగిపోయింది. "నేను ఈ ఎనిమిది రోజుల కోసం రెండు నెలల నుంచీ డ్యూటీలు మార్చుకుంటున్నానక్కా. వేరేవాళ్ళ నైట్లు చేశా. ఏంటక్కా నువ్వు? నువ్వు రాగం అడిగినప్పుడల్లా నాకెంత గొప్పగా ఉండేదో తెలుసా? టీచరు నన్ను అడుగుతోంది అని. ఏడేళ్ళు ఇంటికొచ్చి నేర్పారు నీకు. నీ కోసం మనిషి బస్సెక్కి వచ్చేవాడు. నువ్వది చెప్పిన రోజు నేను ఇంటికెళ్ళి అన్నం తినలా. అంత కుళ్ళుకున్నా. కానీ నీ కార్డు నేను తియ్యలా."

అలాగే స్టేషన్ దాకా నడిచాం. బాపట్ల వైపు వెళ్ళే రైలు వచ్చింది. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా ఎక్కింది.

తర్వాతి ఆరు రోజులూ నేను వెళ్ళలేదు. నా కార్డు మర్నాడే తెనాలి స్టేషన్ దాకా వెళ్ళి పేరాల బాబాయికిచ్చి, ఆమెకు అందేలా చూడమన్నాను. ఆమె తీసుకోలేదట. రోజూ వచ్చి పెద్దాయన పక్కనే కూర్చుందట. అది విన్నప్పుడు నాకు సిగ్గూ, దాని పక్కనే అదే పాత మంటా రెండూ కలిగాయి. పశ్చాత్తాపం వస్తే అసూయ పోతుందనుకునేదాన్ని. అలా ఏం పోలేదు.

నాలుగు నెలలు ఆమె ఫోన్ తీయలేదు. ఈస్టర్ వెళ్ళిన వారం ఆమే చేసింది. క్షమించానని అనలేదు. "పెద్దాయన ఆదివారాలు పాఠానికి రమ్మన్నారక్కా. డబ్బులేం వద్దన్నారు. ఎవరికన్నా చెప్పుకోవాలనిపించింది. నీకే చెప్పాలనిపించింది, కోపం పోలా అయినా," అంది. చాలా సంతోషం అన్నాను. గొంతులో సంతోషం సరిగ్గా పలికిందో లేదో తెలియదు. "ఏడవమాకక్కా," అంది. నేను ఏడవడం లేదు. కుళ్ళుతున్నానని చెప్పాను. మొదటిసారి నవ్వింది.

ఈ ఏడు సీజనులో కొత్తవాళ్ళకు ఉదయం పూట అరగంట పాట పెట్టారు. మూడో రోజు ఆమె పాడింది. టికెట్టు లేదు, జనమూ పెద్దగా లేరు. నేను బడికి సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె కూర్చుని శ్రుతి చూసుకుంటుంటే, ఆ స్థానంలో నేనుండాల్సింది అనే ఆలోచన సిగ్గులేకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. దాన్ని వెళ్ళగొట్టే ప్రయత్నం చేయలేదు. పాట బాగుంది. చాలా బాగుంది. ఆఖరి కృతిలో రెండోసారి స్వరాలు ముగించి పల్లవి అందుకునేటప్పుడు ఆమె తాళంలో అర అక్షరం ముందు ఎత్తుకుంది. మృదంగం వాయించేవాడు చప్పున సర్దేశాడు. నా లోపల ఏదో సంబరంగా గంతేసింది. దానికి సిగ్గుపడేలోపే నేను తొడ మీద తాళం వేస్తున్నానని గమనించాను. చెయ్యి ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు. ఎక్కడా తప్పలేదు.

కిందికి దిగి వచ్చాక, "ఎట్టా ఉందక్కా?" అంది.

"ఆఖరి కృతిలో, రెండోసారి పల్లవికొచ్చేటప్పుడు అర అక్షరం ముందు ఎత్తుకున్నావు."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "పెద్దాయన కూడా ఏమీ అనలేదే! నిజంగా విన్నావా? ఎక్కడ?"

చూపిస్తాను రమ్మన్నాను. హాలు మెట్ల మీద కూర్చున్నాం. ఆమె పాడింది, నేను తాళం వేశాను. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి కుదిరింది. కుదిరినప్పుడు కొంచెం నిరాశ పడ్డాను, ఆ మాట ఆమెతో అన్నాను. "ఇంకోసారి వెయ్యి," అని ఆమె మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.